వంటావార్పు అనుకుని వచ్చారు

దంతాలపల్లి, 27-12-2010

రూతక్కకు చెల్లెలు ఎస్తేరు వందనాలు. ఫోన్ పాడైంది. మేం క్షేమమే, పరేషాన్ కాకు.

కొత్త చర్చిలో మొదటి క్రిస్మస్ కదా, ఇరుగుపొరుగును భోజనానికి పిలవమన్నారు పాస్టరు గారు. రామంటారేమోనన్న భయంతో నేను ఎవరినీ పిలవలేదు. రేకుల షెడ్డు ముందు జాగా లేక పొయ్యిలు రోడ్డు మీద పెట్టాం. ఊరివాళ్లు చూసి, ప్రత్యేక రాష్ట్రం కోసం రోడ్ల మీద వండుకు తినే వంటావార్పు నిరసన అనుకున్నారు! పక్కింటి పోశాలన్న బియ్యం తెచ్చాడు. ఎదురింటి నఫీసా బేగం వంకాయలు తెచ్చి, తరిగి, మాతోనే కూర్చుని తిన్నది. మేం క్రిస్మస్ పాట ఎత్తుకున్నాక నా చెయ్యి పట్టుకుంది.

"గిది మీ పండుగనా బిడ్డా? గా మాట ముందుగాల చెప్పద్దా?"

కోపంతో అన్నదో, ప్రేమతో అన్నదో తెలియడం లేదు. అప్పటినుంచి నాకు నిద్ర లేదు.

బావ దగ్గు తగ్గిందా? దవాఖానకు తీసుకుపో. నీ పెద్ద వంట గంజు వచ్చే పండుగకు కావాలి, ఎవరికీ ఇవ్వకు. పిల్లలకు దీవెనలు. ప్రార్థనలో మమ్మల్ని జ్ఞాపకం చేసుకో.

అక్కా, రాష్ట్రం వస్తే రోడ్డు మీద వంటలు ఉండవు. అప్పుడు మన పండుగ అని చెప్పే పిలవాలి. వస్తారంటావా?

ఎస్తేరు