పాస్‌బుక్కులో లేని రైతు

శామీర్‌పేట, 1997, శుక్రవారం రాత్రి

ద్రాక్ష గుత్తుల్లో కొన్ని కాయలు కత్తిరించి పలచన చేయడం ఈరోజు మా ఉద్యాన శాఖ శిక్షణలో రైతులకు నేర్పాను. భూమి పాస్‌బుక్కుల్లో పేర్లు చూసి పిలిచాను కాబట్టి వచ్చినవాళ్లంతా మగవాళ్లే. కత్తెర ఇస్తే ఒక్కరికీ చెయ్యి తిరగలేదు.

"గా పని మా ఆడోళ్లు జేస్తరు సార్," అన్నాడు యాదయ్య.

చాయ్ తెచ్చిన అతని భార్య నర్సమ్మ కత్తెర అందుకుని, నేను గంటసేపు చెప్పినదాన్ని రెండు నిమిషాల్లో చేసి చూపించింది.

"మరి శిక్షణకు నువ్వెందుకు రాలేదమ్మా?" అన్నాను.

"నన్నెవ్వలు పిలిచిండ్రు సారూ?" అంది.

వచ్చేసారి తోటల్లో తిరిగి, కత్తెర పట్టేదెవరో అడిగి పేర్లు రాసుకోవాలి. ఆ పేర్లు పాస్‌బుక్కులోకి ఎక్కించడం నా చేతిలో లేదు...

ఇంటికొచ్చి హాజరు పట్టీ తీశాను. యాదయ్య సంతకం ఉంది. పాఠం చెప్పిన నర్సమ్మ పేరు రాయడం నాకు తట్టనే లేదు.