మిరపనారులా నాటిన స్ట్రాబెర్రీ

ఏన్కూరు, ఆదివారం

కుండీలో స్ట్రాబెర్రీ గుబురుగా పెరిగిపోయిందని ఈరోజు విడదీశాను. ఏడు పిలకలు వచ్చాయి. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఏ పనీ ముట్టని మా ఆయన తనంతట తానే పెరట్లోకి వచ్చి కూర్చున్నాడు.

"ఇటియ్యి, నేను పెడత" అన్నాడు.

ఎడమచేత్తో ఏడూ నాటాడు. ఒక్కోటి పెట్టి, మట్టి అదిమి, నా వైపు చూశాడు. ఏళ్ల తరబడి మిరప వేసిన చెయ్యి కదా, మిరపనారు లాగే మెడదాకా పూడ్చేశాడు. స్ట్రాబెర్రీకి చిగురు పుట్టే మొదలు మట్టిపైనే ఉండాలి. పూడిందంటే కుళ్లిపోతుంది. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఎన్నాళ్లకో నవ్వాడు మరి.

సాయంత్రం అలికిడి లేకుండా వెళ్లి ఒక మొక్క చుట్టూ మట్టి తీస్తున్నాను. వెనక గడప దగ్గర ఆయన చేతికర్ర చప్పుడైంది.

"ఎందుకే గట్ల కదిలిస్తున్నవ్? నేను సరిగ పెట్టలేదా?"

"మంచిగనే పెట్టినవ్. మట్టి తక్కువైందేమో అని చూస్తున్న."

"అయితే ఇంకింత ఎయ్యి."

వేశాను. నా చేత్తోనే, చిగురు కనిపించకుండా.