మామయ్య స్టూడియోలో లైనక్సు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వొచ్చి నా స్టూడియో కంప్యూటర్లో పాత సిస్టమ్ తీసేసి, లైనక్సు అనే కొత్తది పెట్టి వెళ్ళావు. అప్పటినుంచి నాకు తీరికే తీరిక. పాస్‌పోర్టు ఫోటో తీసి ప్రింటు కొడదామంటే, "అప్‌డేట్ అవుతోంది, ఆపవద్దు" అని భీష్మించుకు కూర్చుంటుంది. జనం కాసేపు చూసి ఎదురు స్టూడియోకి పోతున్నారు. ఆ స్టూడియోవాడు గుమ్మంలో నిలబడి నన్ను చూసి నవ్వుతున్నాడు. ఇలాగే సాగితే కొట్టు మూసుకోవడమే. ఈమెయిల్ కూడా తెరుచుకోవడం లేదు, అందుకే ఈ కాగితం.

ఇట్లు, గోళ్ళు గిల్లుకుంటూ,
మామయ్య

తా.క.: ప్రింటర్ బాగానే పనిచేస్తోంది. నేను చెప్పినప్పుడు మాత్రం కాదు.

---

మామయ్యకు నమస్కారాలు.

లైనక్సు మిమ్మల్ని అడక్కుండా అప్‌డేట్ కాదు. దానికి మర్యాద తెలుసు. మీరే ఏదో నొక్కి ఉంటారు. ఆదేశాలిచ్చే నల్ల కిటికీ తెరిచి, ఈ కాగితం వెనక రాసిన లైను టైపు చెయ్యండి.

లైనక్సుకు మారమని ఆఫీసులో చెప్పాను, పక్కింటివాళ్ళకు చెప్పాను, పన్ను పీకుతున్న డాక్టరుకు కూడా చెప్పాను. మారింది మీరొక్కరే. నా పరువు మీ చేతుల్లో ఉంది.

మీ అల్లుడు

తా.క.: డాక్టరు మత్తు కాస్త ఎక్కువే ఇచ్చాడు.

---

మహామేధావి అల్లుడు గారికి,

నీ లైను కొట్టాను. "ఇలాంటిదేదీ నాకు తెలియదు" అంది. దానికే తెలియనిది నాకెందుకు నేర్పుతున్నావు? వైరస్ రాదన్నావు, వచ్చింది. ఈ ఆదివారం మెకానిక్‌ని పిలిచి నీ లైనక్సు పీకించేస్తున్నాను.

తల ప్రాణం తోకకొచ్చిన,
మామయ్య

తా.క.: వెనక గదిలో మీ అత్తయ్య మాత్రం ట్యూషన్ పిల్లల ప్రశ్నపత్రాలు హాయిగా కొట్టుకుంటోంది. నువ్వు దుమ్ము దులిపాక తన కంప్యూటర్ లేడిపిల్లలా ఉందిట. నీ లైనక్సును తన గది గడప తొక్కనివ్వనంటోంది.

---

మామయ్యా,

తొందరపడకండి. లైనక్సుకు వైరస్ పట్టడం నేను వినలేదు. మీకు పట్టింది అనుమానం. మీరు కూడా వదిలేస్తే నేనిక ఎవరికీ మొహం చూపించలేను.

మీ అల్లుడు

తా.క.: అత్తయ్య కంప్యూటర్ నేను దులపలేదే. ముట్టుకోనైనా లేదు.

---

ఒరేయ్ అల్లుడూ,

మెకానిక్ వచ్చి చూసి, "ఇందులో లైనక్సు లేదండీ, మీ పాతదే ఉంది" అన్నాడు.

నువ్వొచ్చిన రోజు ప్రింటు కోసం మీ అత్తయ్య తన కంప్యూటర్ తెచ్చి స్టూడియో బల్ల మీద పెట్టిందట, నాది కిందకి దించి. నేను లోపల ఫోటో తీస్తున్నాను. నువ్వు బల్ల మీదున్న దానికి వైద్యం చేసి వెళ్ళావు. తర్వాత మీ అత్తయ్య తనది వెనక గదికి పట్టుకుపోయి, నాది మళ్ళీ బల్లెక్కించింది. అందులోని ఫైళ్ళన్నీ పొందిగ్గా సర్దావు గానీ, ఫోటో స్టూడియోలో లెక్కల ప్రశ్నలు ఎందుకున్నాయా అని నీకు తోచలేదు.

ఇన్నాళ్ళూ లైనక్సు వాడింది మీ అత్తయ్య. బొమ్మలన్నీ మారిపోతే, దుమ్ము పోయి మెరుపొచ్చిందనుకుంది. నేను తిట్టిందంతా నా పాతదాన్నే. సిగ్గు విడిచి అడుగుతున్నాను, ఈసారి వచ్చి అదే నాకూ పెట్టు. ఎదురు స్టూడియోవాడి నవ్వు ఇక చూడలేను.

నీ మామయ్య

తా.క.: అది లైనక్సని మీ అత్తయ్యకు మాత్రం చెప్పకు. తెలిసిన మరుక్షణం ఆ కంప్యూటర్ పనిచెయ్యడం మానేస్తుంది.