నాలుగో కాగితం

చిట్టెలుకా,

ఈ పిలుపు చూసి నవ్వుకున్నావో, అమ్మకి మతి పోయిందనుకున్నావో. నువ్వు పుట్టిన రోజు తువ్వాల్లో చుట్టి చూపిస్తే, నాలుగేళ్ళ మీ అన్న వంగి చూసి "అమ్మా, చిట్టెలుక!" అన్నాడు. నీకు ఆరేళ్ళొచ్చి వాడి చెయ్యి కొరికేదాకా అలాగే పిలిచాడు. ఇన్నేళ్ళకి ఆ పేరు ఎందుకు పైకి తీశానో ఉత్తరం చివర్లో చెబుతాను. కథల పుస్తకంలా ముందే చివరి పేజీ తిప్పకు. నీకా అలవాటుంది.

ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది. నువ్వక్కడ కులాసా అన్న సంగతి నీ మాటలకన్నా అక్షరాలే ముందు చెప్పాయి. ఈసారి ఒక్కటి కూడా వణకలేదు. వేలితో తడిమి తడిమి చూసుకున్నాను.

అడిగినవాటికి వరసగా రాస్తాను. పిల్లి బతికే ఉంది. పక్కింటి నర్సమ్మ దగ్గర పాలు తాగి మనింటికొచ్చి నిద్రపోతుంది. దాని దర్జా చూస్తే కొత్తల్లుడు గుర్తొస్తాడు. మీ అన్న సైకిలు అమ్మలేదు. వాడు పోయి ఏడాదిన్నర దాటినా నెలకోసారి టైర్లలో గాలి కొట్టిస్తూనే ఉన్నాను. ఎందుకని అడక్కు. లాండ్రీలో కాలిన నా చెయ్యి మానింది. పేటలో పిల్లలు మత్తుబిళ్ళల జోలికి పోకుండా సాయంత్రాలు ఒక గది నడపాలని మున్సిపల్ ఆఫీసులో గ్రాంటుకి పెట్టుకున్నాను కదా, వచ్చిందా అని అడిగావు. వచ్చింది. ఆ అలవాటు మాన్పించే తొంభై రోజులూ అయ్యాక ఇంటికి రావచ్చా అని అడిగావు. ఆ ఒక్కదానికి జవాబు రాయడానికే ఇంత ఉత్తరం.

దరఖాస్తంటే ఒక కాగితం అనుకున్నాను. ఐదు కాగితాలు. నాకొచ్చిన చదువుకి అవి ఐదు కొండలు. నర్సమ్మ ముప్ఫై ఏళ్ళు ఆస్పత్రిలో చేసిన మనిషి, తను చదివి చెబుతుంటే నేను రాశాను. గది ఎక్కడ, ఎన్నింటికి తీస్తారు, పిల్లల్ని ఎవరు చూసుకుంటారు, అంతా బాగానే సాగింది. నాలుగో కాగితంలో "మీ పేటలో ఈ అలవాటుకు లోనైన పిల్లలు ఎందరు?" అని ఉంది.

"అంకె వేస్తే చాలమ్మా, పేర్లు అడగరు," అంది ఆఫీసులో గుమాస్తా అమ్మాయి.

"అంకె వెయ్యను," అన్నాను.

ఎందుకన్నానో నీకు తెలుసు. ఆ బిళ్ళలు మింగి మీ అన్న ఆస్పత్రిలో పడున్న మూడు రోజులూ వాణ్ణి ఎవరూ పేరుతో పిలవలేదు. "నలభై ఒకటి తాలూకు ఎవరు?" అని కేకేసేవాళ్ళు. చివరికి బయటికొచ్చి చెప్పిన మాట కూడా "నలభై ఒకటి పోయాడమ్మా" అనే. ఇక ఏ తల్లి బిడ్డనీ అంకె చెయ్యనని ఆ వరండాలోనే పంతం పట్టాను. అదే నా కొంప ముంచింది.

గడప గడపకీ తిరిగాను. కొడుకుని పోగొట్టుకున్నదాని మొహాన తలుపెవరు వేస్తారు? తల్లులు నన్ను లోపలికి లాక్కెళ్ళి, కొళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో చెవిలో చెప్పారు. ఇంట్లో పిలిచే పేర్లే చెప్పారు. బడి పేర్లు చెప్పడానికి నోరు రాలేదు వాళ్ళకి. బంతి, చిన్నమ్మి, గుండు, పండు. పేరు పక్కన ఇంటి గుర్తు కూడా రాశాను. ఆకుపచ్చ తలుపు, మెట్ల కింద గది, ఇలా. మొత్తం పంతొమ్మిది. అన్నిటికన్నా ముందు నీ పేరే రాశాను, బుజ్జమ్మ అని. మన పిల్లని దాచిపెట్టి పరాయి పిల్లల్ని రాయడం న్యాయం కాదనిపించింది.

"నీ చేతిరాత దేవుడు కూడా చదవలేడు, ఎవరికీ భయం లేదులే," అని నర్సమ్మ నవ్వింది. నేనూ నవ్వాను.

దరఖాస్తుల్ని పది రోజులు ఆఫీసు బయట బోర్డు మీద పెడతారట, ఎవరికైనా అభ్యంతరాలుంటే చెప్పుకోవడానికి. ఆ సంగతి నాకు తెలీదు. పేర్లున్న కాగితాన్ని గుమాస్తా అమ్మాయి పక్కకి తీసేదే, కానీ ఆ వారం తను సెలవులో ఉంది. బంట్రోతు ఐదు కాగితాలూ వరసగా గుచ్చేశాడు. మూడో రోజు పనికి వెళ్తూ చూశాను. నా చేతిరాత గోడ మీద! భయపడాల్సింది పోయి, పొంగిపోయాను. అక్కడ ఇంకొకటి జరిగింది. అది రాయడానికి ఇప్పుడు చెయ్యి రావడం లేదు. తర్వాత రాస్తాను.

గ్రాంటు ఇచ్చారు. లాండ్రీ వెనక సబ్బు డబ్బాలు పెట్టే గది శుభ్రం చేయించి, బల్లలు వేయించి, కిటికీకి అద్దం పెట్టించాను. మొదటిరోజు ఏడుగురు వచ్చారు. నర్సమ్మ వాళ్ళకి భయపెట్టే మాటలేవీ చెప్పలేదు. లెక్కలు చెప్పింది, పేకమేడలు కట్టించింది. నాలుగు రోజులు నేను మనిషినయ్యాను.

ఐదో రోజు దర్జీ వదిన లాండ్రీకి వచ్చింది. చెప్పులు కూడా వేసుకోలేదు.

"వదినా, మా బంతిగాడి పేరు ఎవరికి చెప్పావు?"

"నేనెవరికి చెబుతాను? కాగితంలో రాశాను, అంతే."

"బడి గేటు దగ్గర ఎవరో పెద్దమనిషి, మెళ్ళో దారానికి కళ్ళద్దాలు వేలాడేసుకున్నాడట, వీడి భుజం మీద చెయ్యేసి 'ఏరా బంతీ, మానేశావటగా, మంచిది' అన్నాడట. 'మళ్ళీ ఎప్పుడైనా కావాలనిపిస్తే డబ్బులక్కర్లేదు, ఊరికే ఇస్తా' అన్నాడట. బంతి అని నేనొక్కదాన్నే పిలుస్తాను వదినా! వాళ్ళ నాన్న కూడా పిలవడు!"

ఆ వారంలోనే ఆకుపచ్చ తలుపు తట్టాడు. తర్వాత మెట్ల కింద గది. వరస తప్పలేదు, నేను రాసిన వరసే.

ఆఫీసుకి పరిగెత్తాను. ఆ బోర్డు మీద పాతవి ఎవరూ తీయరు. ఒకటి, రెండు, మూడు, ఐదు ఉన్నాయి. నాలుగోది లేదు. అది ఉండాల్సిన చోట నాలుగు మూలలా నాలుగు గుండుసూదులు మాత్రం ఉన్నాయి. తీసుకెళ్ళినవాడు కాగితం చింపలేదు, సూదులు పారెయ్యలేదు. ఒక్కొక్కటీ మళ్ళీ అదే చిల్లులో గుచ్చి వెళ్ళాడు. అంత తీరిగ్గా.

పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాం. బంతిగాడు గుమ్మం దగ్గరే నోరు కుట్టేసుకున్నాడు. "పేరు పెట్టి పలకరిస్తే నేరం ఎలా అవుతుందమ్మా?" అన్నాడు లోపలాయన. గుమాస్తా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని "అంకె చాలని చెప్పాను కదమ్మా" అని ఏడ్చింది. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు దాచింది రాస్తాను, తల్లీ.

నేను బోర్డు ముందు పొంగిపోయి నిలబడ్డ రోజు నా పక్కన ఒకాయన నిలబడి చదువుతున్నాడు. మడత నలగని చొక్కా, సబ్బు వాసన, మెళ్ళో దారానికి కళ్ళద్దాలు. "ఇదంతా మీరే రాశారా అమ్మా? పెద్ద మనసు," అన్నాడు. కమిటీలో మనిషి అనుకున్నాను. "మొదటి పేరు, ఈ బుజ్జమ్మ, ఎవరమ్మాయి?" అని అడిగాడు. మా అమ్మాయేనండీ అన్నాను. "పాపం, ఇంట్లోనే ఉందా?" అన్నాడు. లేదండీ అని చెప్పాను. నువ్వున్న చోటు పేరు చెప్పాను. బస్సు దిగి ఎటు నడవాలో చెప్పాను. ఆదివారాలు చూడనిస్తారని కూడా చెప్పాను. మీ అన్న పోయాక నన్ను మెచ్చుకుని మాట్లాడినవాళ్ళు లేరు, బుజ్జీ. ఒక్క మంచిమాటకి నోరు లొంగిపోయింది.

మొన్న మంగళవారం అతను లాండ్రీకొచ్చి చొక్కా ఇచ్చాడు. నేను ఇస్త్రీ చేస్తుంటే బల్లకి ఆనుకుని నిలబడ్డాడు.

"తొందరేం లేదమ్మా. ప్రయాణం ఉంది. మన బుజ్జమ్మ ఉన్నవైపే. తల్లిమనసు, తినడానికి ఏదో ఒకటి పంపాలనుంటుంది. ఇస్తే అందజేస్తాను."

కాలుతున్న వాసన వచ్చాక గానీ తెలీలేదు, పెట్టె చొక్కా వీపు మీదే ఆపేశానని. పెట్టె ఆకారం మొత్తం నల్లగా దిగిపోయింది. అతను చూసి, "పర్లేదమ్మా, పైన కోటు వేసుకుంటాను," అన్నాడు. ఇస్త్రీ డబ్బులు బల్ల మీద పెట్టి, కాలిన చొక్కా జాగ్రత్తగా మడిచి తీసుకెళ్ళాడు.

మీ వార్డెనమ్మకి అప్పుడే ఫోన్ చేశాను. గేటు దగ్గర చెప్పి ఉంచుతానంది. గేటు దగ్గర మనుషులు మారుతుంటారు, అందుకే నీకూ రాస్తున్నాను. ఇంటికి ఇప్పుడే రాకు. పంతొమ్మిది ఇళ్ళకీ వెళ్ళి నేను చేసింది ఒప్పుకుంటున్నాను. పద్నాలుగు అయ్యాయి. "నీ కొడుకు పోయింది చాలక మా పిల్లల్నీ వాడికి చూపించావా" అని ఒకామె తలుపేసింది. దర్జీ వదిన మాత్రం మిషను తెచ్చి మన గది గుమ్మంలో వేసుకుంది. కుడుతూ వచ్చే పోయే వాళ్ళని చూస్తోంది. నిన్న ఇద్దరు పిల్లలే వచ్చారు.

బుజ్జమ్మా అని ఎవరు ఎంత ప్రేమగా పిలిచినా పలక్కు. ఆ పేరు ఇక మనది కాదు. చిట్టెలుక అన్న పేరు ముగ్గురికే తెలుసు, ఇప్పుడు ఇద్దరమే ఉన్నాం. ఇంతకుముందు ఏ కాగితం మీదా రాయలేదు. చదివాక దీన్ని చింపెయ్యి. నేనే వస్తాను, గేటు బయట నిలబడి ఆ పేరుతో పిలుస్తాను. అది వినబడితేనే బయటికి రా.

అమ్మ చేసి పంపిందని ఎవరు ఏ పొట్లం తెచ్చినా, అది నీకు ఎంత ఇష్టమైనదైనా, ముట్టుకోకు. నేను ఎవరిచేతా ఏమీ పంపలేదు. పంపను.

ఇట్లు,
చిట్టెలుక వాళ్ళమ్మ.

అక్కడ వాళ్ళు వండిపెట్టిందే తిను. రుచిగా లేకపోయినా కడుపునిండా తిను.