లోపల ఎవరున్నారు?

ప్రియమైన తమ్ముడికి,

ఫోన్ చేస్తే పోయేదానికి ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటున్నావేమో. మా రెండు గదుల ఇంట్లో గుసగుసలాడినా మీ బావకు వినిపిస్తుంది. అందుకే కళ్ళజోళ్ళ షాపులో, బేరాలు లేని మధ్యాహ్నం పూట, అద్దాలు తుడిచే బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను. జవాబు కూడా షాపు అడ్రసుకే రాయి.

మీ బావ బాగాలేరు. జ్వరం కాదు, నొప్పి కాదు. లిఫ్టుల రిపేరుకు వెళ్తున్నారు, వస్తున్నారు. పనిలో వంక పెట్టడానికి లేదు. ఇంటికొచ్చాక మాత్రం బూట్ల తాళ్ళు విప్పడానికి వంగి అలాగే ఉండిపోతారు. మొన్న ఉన్నట్టుండి ఇన్సూరెన్సు కాగితాలు ఏ సొరుగులో ఉన్నాయో చూపించి, "నేను లేకపోయినా నీకు ఇబ్బంది ఉండదులే" అన్నారు. ప్రయాణమయ్యే మనిషి కిటికీలు మూసుకోమని చెప్పినంత మామూలుగా అన్నారు.

అప్పట్నుంచి ఇంట్లో ప్రమాదమనిపించిన ప్రతిదీ దాచేస్తున్నాను. ఏది ఎక్కడ పెట్టానో నాకే గుర్తుండటం లేదు. స్నానాల గదిలో ఆయన కాస్త ఆలస్యం చేస్తే చాలు, తలుపు దగ్గర నిలబడి "టవల్ కావాలా?" అంటాను. టవల్ ఆయన తీసుకెళ్ళడం నేను చూసే ఉంటాను. ఒక ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతోంది. అడిగితే లేని ఆలోచన నేనే పుట్టించినట్టవుతుందేమోనని భయం. ఏం చెయ్యనురా?

కాలూ చెయ్యీ ఆడని,
నీ అక్క

*

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం చదువుతూ జిగురు డబ్బా మూత పెట్టడం మరిచిపోయాను. మొత్తం గడ్డకట్టింది. పుస్తకాలకు అట్టలు వెయ్యమంటే గోడలు కడుతున్నావా అని మా లైబ్రరీ పెద్దాయన తిట్టిన తిట్లు నీ ఖాతాలో రాసుకో.

అడగకు. దయచేసి ఆ మాట అడగకు. అలాంటి మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే సిగ్గుతో కుంచించుకుపోతాడు. పగలంతా నవ్వుమొహం తగిలించుకుని తిరగడానికే అతని ఓపిక చాలదు. నలుగురికీ బరువయ్యానన్న మాట ఒక్కటే బుర్రలో తిరుగుతుంటుంది. లేచిన దగ్గర్నుంచి అదే. నీకెలా తెలుసంటావా? కుట్టే ముందు ప్రతి పుస్తకం చదివేస్తాను కదా, సగం డాక్టర్నైపోయాను.

నా సంగతి భేషుగ్గా ఉంది. పిల్లి దొరసానిని పక్కింటి టీచరమ్మకు ఇచ్చేశాను. దానికక్కడ పాలకు లోటుండదు. బావను నవ్వించు. నవ్వు నాలుగు విధాల చేటంటారు గానీ, నన్నడిగితే అంతకు మించిన మందు లేదు.

ఎప్పటిలాగే,
నీ వాగుడుకాయ

*

ప్రియమైన తమ్ముడూ,

నీ మాట విని అడగలేదు. నవ్వించబోయాను, అదీ చేతకాలేదు.

మంగళవారం సాయంత్రం ఆయన ఇంటికి రాలేదు. ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. పనిచేస్తున్న బిల్డింగుకు పరిగెత్తాను. "రిపేరు ఎప్పుడో అయిపోయిందమ్మా, ఆయన ఇంకా కిందికి దిగలేదు" అన్నాడు వాచ్‌మన్. మెట్లన్నీ ఎలా ఎక్కానో తెలియదు. లిఫ్టు బాగైందన్న సంగతే తట్టలేదు నాకు. మేడ మీద లిఫ్టు మోటారు గదిలో సామాన్ల పెట్టె మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి, "నువ్వు దాచినవన్నీ నాకు తెలుసు. నీ అవస్థ చూస్తుంటేనే నేనెంత బరువో తెలుస్తోంది" అన్నారు. కాపాడుతున్నాననుకుని ఆయన్ను ఇంకా కుంగదీశానన్నమాట. చెయ్యి పట్టుకుని కిందికి తెచ్చాను, తెల్లారి ఆస్పత్రికి తీసుకెళ్ళాను.

అక్కడ మనసు బాధలు విని దారి చెప్పే కౌన్సిలరమ్మ ఉంది. నన్నూ కూర్చోమంది. కుర్చీ దగ్గరికి జరుపుకుని, నిద్ర పడుతోందా అని అడిగినంత నెమ్మదిగా, "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని మీ బావను అడిగేసింది. పిడుగు పడుతుందనుకున్నాను. ఆయన "అవును" అన్నారు. అని, ఇన్నాళ్ళూ బిగబట్టిన ఊపిరి వదిలినట్టు ఏడ్చారు. ఆవిడ కంగారు పడలేదు, నీతులు చెప్పలేదు. ఏడుపు ఆగేదాకా కూర్చుని, తర్వాత ఆయన పని గురించి అడిగింది.

"లిఫ్టులో మనిషి ఇరుక్కుంటే ముందేం చేస్తారు?"

"మాట్లాడతానండి. మిషను ముట్టుకోకముందే. లోపల ఎవరున్నారు, నేనొచ్చాను, గాలి ఆడుతుంది, కంగారులో తలుపులు లాగొద్దు, నాతో మాట్లాడుతూ ఉండండి అంటాను. అరిచినా ఫర్వాలేదు. లోపల్నుంచి చప్పుడు లేకపోతేనే నాకు భయం."

"ఎందుకెక్కావురా దద్దమ్మా, నీవల్ల అందరికీ ఇబ్బంది అని తిడతారా?"

"ఛ, అదేం మాటండి! ఇరుక్కోవడం వాళ్ళ తప్పా?"

"మరి మిమ్మల్ని మీరు రోజూ ఏమని తిడుతున్నారు?"

 

ఇప్పుడు దాచడాలు లేవు. ఏవి దూరంగా ఉండాలో ఆయనే చెప్పి, పెట్టెలో పెట్టి తాళంచెవి నా చేతికిచ్చారు. ఆ ఆలోచన ముంచుకొస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలో కాగితం మీద రాసుకున్నారు. అందులో నీ పేరూ ఉంది. వారం వారం ఆవిడ దగ్గరికి వెళ్తున్నాం. నా భయం పోలేదు గానీ, ఇప్పుడు దాని గురించి ఇద్దరం మాట్లాడుకుంటున్నాం.

ప్రేమతో,
నీ అక్క

*

అక్కా,

సంతోషం. ఆ కాగితంలో నా పేరు మాత్రం కొట్టెయ్యమను. బావకు నాకంటే గట్టివాళ్ళు దొరుకుతారు.

ఆవిడ నిజంగా అంత సూటిగా అడిగిందా? అవునన్నాక మొహం మారలేదా? ఆఫీసువాళ్ళకు కబురు పెట్టలేదా? పిచ్చివాడని రాయలేదా? ఊరికే అడుగుతున్నాను.

నా రేడియో పార్సెల్ చేశాను. బావకు పాటలిష్టం కదా. ఇక్కడ వినేవాళ్ళెవరున్నారు?

నువ్వు మంచి అక్కవి. ఎప్పుడూ చెప్పలేదు. ఉంటాను.

నీ తమ్ముడు

*

తమ్ముడూ,

నీ మెట్ల మీద కూర్చుని, రేడియో వచ్చిన అట్టపెట్టె ముక్క మీద రాస్తున్నాను. తలుపు కొడితే "ఒంట్లో బాగాలేదు, రేపు రండి" అన్నావు. ఆ తర్వాత చప్పుడు లేదు. నీ నోరు మూతపడటం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

పార్సెల్ అందగానే నీ ఉత్తరాలు మీ బావకు చూపించాను. దొరసానిని ఇచ్చేశావు, రేడియో ఇచ్చేశావు, వాగుడుకాయని సంతకం కూడా చెయ్యలేదు. "ఇవి పుస్తకాల్లో చదివిన మాటలు కావే, లోపల ఇరుక్కున్నవాడి మాటలు" అన్నారాయన. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తలేదు. దొరికిన బస్సెక్కేశాం. కౌన్సిలరమ్మ ఫోన్‌లోనే ఉంది, ఏం చెయ్యాలో చెబుతోంది. టీచరమ్మ నీ ఇంటి రెండో తాళంచెవి వెతుకుతోంది.

నోటితో అడిగే ధైర్యం చాలక, రాసి తలుపు కిందనుంచి తోస్తున్నాను. చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా? ఏ జవాబైనా చెప్పు. నిన్ను తిట్టను, నా మొహం మారదు. నాకు చచ్చేంత భయంగా ఉంది, అయినా ఇక్కణ్ణుంచి కదలను.

మీ బావ నీ తలుపుకు వీపు ఆనించి కూర్చున్నారు. వినిపిస్తోందా? "లోపల ఎవరున్నారు? నేనొచ్చాను. గాలి ఆడుతుంది. మాట్లాడు." అదే మాట మళ్ళీ మళ్ళీ అంటున్నారు. మాట్లాడలేకపోతే తలుపు మీద ఒక్కసారి తట్టురా.

నీ గుమ్మంలో,
నీ అక్క

*

ప్రియమైన అక్కకు,

నువ్వడిగినదానికి ఆరోజు తలుపు తట్టానే గానీ జవాబు రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. అవును, అనిపించింది. చాలాకాలంగా. బావ గురించి నీకు రాసినవన్నీ నా గురించే. అడగొద్దన్నది కూడా, నన్నెవరూ అడగకూడదనే.

తలుపు తీశాక ఏవేవో అడుగుతారనుకున్నాను. బావ అడిగింది ఒక్కటే, "ఏమైనా తిన్నావా?" అని. అక్కడ ఏడుపు ఆగలేదు నాకు.

మీరు వెళ్ళేముందు నన్ను అప్పజెప్పిన ఇక్కడి కౌన్సిలర్ ముసలాయన. చెవులు మందం. చచ్చిపోవాలనిపించిందన్న మాట ఆయనకు రెండుసార్లు గట్టిగా చెప్పాల్సొచ్చింది. బయట బెంచీ మీదివాళ్ళంతా వినే ఉంటారు. ఆకాశమేమీ విరిగిపడలేదు. నన్ను నేను తిట్టుకుంటే ఆయన చెయ్యెత్తి ఆపుతాడు. "లోపలివాడితో అలా మాట్లాడకు" అంటాడు. బావ లిఫ్టు మాటలు ఆయనకు నేనే చెప్పాను, ఇప్పుడు ఆ మాట నామీదే వాడుతున్నాడు.

అంతా బాగైపోయిందని అబద్ధం చెప్పను. నిన్న పొద్దున ఆ ఆలోచన మళ్ళీ వచ్చింది. బావలాగే నేనూ రాసుకున్న కాగితం తీసి మొదటి పేరుకు ఫోన్ చేశాను. బావ ఎత్తగానే "లోపల ఎవరున్నారు?" అన్నారు. "నేనే బావా" అన్నాను. అది తగ్గేదాకా మాట్లాడుకున్నాం. ఎక్కువసేపు నేనే వాగాను.

బావ కాగితంలో నా పేరు అలాగే ఉంచమను. దొరసాని టీచరమ్మ ఒడి దిగి రానంటోంది, పాల రుచి అలాంటిది. దాన్ని వదులుకున్నాను గానీ, రేడియో మాత్రం తిరిగి పంపించు. ఇక్కడ వినేవాడు ఒకడున్నాడు.

నీ వాగుడుకాయ