పిడుగు బృందానికి కొత్త గొంతు

సోంపేట,
20-1-2001

చిరంజీవి రవిశంకర్‌కి, మీ నాన్న పోలారావు వేయి దీవెనలతో, పదివేల సంబరాలతో రాస్తున్న ఉత్తరం.

విశాఖపట్నంలో ‘పిడుగు’ రాక్ బృందానికి నిన్ను ప్రధాన గాయకుడిగా తీసుకున్నారని చదివి, జీడితోటలో నిలబడ్డచోటే గెంతాను. మీ అమ్మ దమయంతి, “ఓలమ్మ, ఈ వయసులో గెంతులేటి! నడుం పట్టేత్తాది” అంది. పట్టేసింది. అయినా ఆగలేదు.

పాట మన రక్తంలో ఉంది నాయనా! ఇరవై రెండేళ్లుగా మన ఊరి భజన మేళానికి నేనే గురువును. పగలూ రాత్రీ ఆగకుండా భజన సాగే ఏకాహం రోజున చిడతలు పట్టినవాడు మర్నాడు పొద్దు పొడిచేదాకా కింద పెట్టకూడదు. మన మేళం నియమం అది. నేను ఒక్కసారీ తప్పలేదు. ఈమధ్య పక్క ఊళ్లు మమ్మల్ని పిలవడం తగ్గించాయి. జనంలో భక్తి తగ్గిపోతోంది.

ఒక్క సంగతి మాత్రం నువ్వు రాయలేదు. నీకు ముందు పాడినాయన తన చేత్తో నీకు చిడతలు అందించాడా? నేను రామూర్తి గురువుగారి చేతిమీదుగానే అందుకున్నాను. అలా అందుకోకపోతే కొత్త గొంతు నిలవదు.

సంబరం పట్టలేని
నాన్న

తా.క. నిమ్మాడ వెళ్లి మీ అత్తకు కూడా చెప్పాను. “రాక్ అంటే ఏటన్నియ్యా?” అంది. “గొంతెత్తి గట్టిగా పాడ్డం” అన్నాను. “అయితే నీ పోలికే” అని తలుపేసుకుంది.

విశాఖపట్నం,
26-1-2001

అమ్మకూ నాన్నకూ నమస్కారాలు.

నాన్నా, అప్పుడే ఊరంతా చెప్పకు. నా స్థానం ఇంకా గట్టిపడలేదు. ఫిబ్రవరి 11 ఆదివారం సాయంత్రం మా ప్రదర్శన. అది బాగా జరిగితేనే నేనుంటాను. లేకపోతే పాత గాయకుడు లోకనాథ్‌ను వెనక్కి పిలుస్తారు. అతనిది టెక్కలి. గిటారు వాయించే ఢిల్లీబాబుతో గొడవపడి, “నేను లేకపోతే నెల్లో మూతబడతారు” అని తన మైకు పట్టుకుని సొంతూరు వెళ్లిపోయాడు.

రాక్‌లో చిడతలుండవు, అందించడాలూ ఉండవు. విదేశాల్లో ఎన్నో బృందాలు గాయకుణ్ణి మార్చాకే ముందుకంటే పెద్ద పేరు తెచ్చుకున్నాయి. నువ్వు దిగులు పడకు.

నీ కొడుకు
రవి

తా.క. లోకనాథ్ జోలికి మాత్రం పోకు.

సోంపేట,
31-1-2001

చిరంజీవి రవికి, ఆనందబాష్పాలతో నాన్న.

లోకనాథ్ జోలికి పోవద్దని తా.క.లో పెట్టావు. అక్కడిదాకా చదివేసరికి నా బస్సు పలాస దాటిపోయింది. టెక్కలి అన్న మాట కనపడగానే ఎక్కేశాను మరి.

లోకనాథ్ జుట్టు భుజాలదాకా ఉంది గానీ మనసు వెన్న. కొబ్బరిబొండాలు, జీడిపప్పు చేతిలో పెట్టి, “బాబూ, మావాడి బతుకు నీ చేతుల్లో ఉంది. పదకొండో తారీకున నువ్వొచ్చి స్టేజీ ఎక్కాలి” అన్నాను. మైకు నీ చేతికి అందించమని ఇంకా చెప్పనేలేదు, అతను నా చేతులు పట్టేసుకున్నాడు. “మావా, ఆళ్లే పంపినారా నిన్ను? నాకు తెల్సు, నాన్లేకపోతే ఆళ్లకి గతి నేదని! వత్తాను. మైకట్టుకుని మరీ వత్తాను!”

ఇద్దరం ఏడ్చాం. ఇక నీకు తిరుగులేదు.

విజయంతో తిరిగొచ్చిన
నాన్న

తా.క. ఆ విదేశాల వాళ్లకూ ఎవరో ఒకరు చేత్తో అందించే ఉంటారు. బయటికి చెప్పి ఉండరు.

విశాఖపట్నం,
4-2-2001

నాన్నకు నమస్కారాలు.

ఎంత పని చేశావు నాన్నా! “కొత్త గాయకుడి తండ్రే వచ్చి నన్ను బతిమాలాడు” అని లోకనాథ్ ఢిల్లీబాబుకు ఫోన్ చేశాడు. ఇప్పుడు మావాళ్లంతా నేనే తప్పుకుంటున్నాననుకుంటున్నారు. అతను స్టేజీ ఎక్కితే మైకు అతనిదే. నేను మళ్లీ వాళ్ల మైకు తీగలు మోసుకోవాలి. మూడేళ్లు మోశాను నాన్నా, ఒక్కసారి పాడనిస్తారని.

రవి

తా.క. దయచేసి ఇంకెక్కడికీ బస్సెక్కకు.

సోంపేట,
7-2-2001

నాయనా రవీ,

కంగారు పడకు. బస్టాండులో నిలబడి రాస్తున్నాను. మిరియాల పాలు తాగు.

నాన్న

తా.క. నీ పాట వినడానికి రాలేను. ఆదివారం మన ఏకాహం.

విశాఖపట్నం,
12-2-2001

నాన్నా! నాన్నా! నమస్కారాలు!

లోకనాథ్ రాలేదు! అరగంట చూసి నన్నే పాడమన్నారు. జనం మూడు పాటలు మళ్లీ మళ్లీ పాడించుకున్నారు. ఇక నేనే గాయకుణ్ణని ఢిల్లీబాబు మైకులోనే చెప్పేశాడు. అతనెందుకు రాలేదో ఎవరికీ అర్థం కావడం లేదు.

నీ రవి

సోంపేట,
16-2-2001

పిడుగులాంటి నా కొడుక్కి, నేలమీద కాలు నిలవని నాన్న దీవెనలు.

నాకర్థమైంది.

ఆ రోజు మళ్లీ టెక్కలి వెళ్లాను గానీ, వెలిగిపోతున్న అతని ముఖం చూసి రావద్దని చెప్పలేకపోయాను. “ఆదివారం పొద్దున్నే మా ఊరొచ్చి, భోంచేసి, మధ్యాహ్నం రైలుకు పో” అన్నాను. వచ్చాడు. అప్పటికే నేను పాడుతున్నాను. మొదటి చరణానికి చెవి గోక్కున్నాడు. రెండో చరణానికి లేచి నిలబడ్డాడు. మూడో చరణానికి, “మావా, నీకు దండవెడతాను, ఆపు! ఇటియ్యి, నాను సూపిత్తాను” అన్నాడు.

ఇరవై రెండేళ్ల చిడతలు. వేళ్లు ఒక్క క్షణం వదల్లేదు. నువ్వు మోసిన తీగలు గుర్తొచ్చాయి. నా చేత్తో అందించాను.

మధ్యాహ్నం అతను “రైలు!” అన్నాడు. మద్దెల వాయించే నారాయణరావు, “అదేటి బాబూ, పొద్దు పొడిసీదాకా సిడతలు దించకూడదు, తెల్దా?” అన్నాడు. లోకనాథ్ నావైపు చూశాడు. నేను రాములవారి పటం వైపు చూస్తున్నాను.

మర్నాడు ఢిల్లీబాబుకు ఫోన్ చేసి, ఇక గాయకుడివి నువ్వేనని విని వచ్చి, అరుగుమీద కూలబడ్డాడు. మోసం చేశానని కాళ్లు పట్టుకోబోయాను. పట్టుకోనివ్వలేదు. “మావా, మళ్లీ ఏకాహం ఎప్పుడు?” అన్నాడు. తన మైకు తన చేత్తోనే నాకిచ్చాడు. జీడిపప్పు డబ్బాలో పెట్టి పంపుతున్నాను. కళ్లకద్దుకుని తీసుకో.

విదేశాల సంగతులు రాశావు కదా. అంత దూరం ఎందుకు? నాలుగు రోజుల్లో మన మేళాన్ని ఏడు ఊళ్లు పిలిచాయి. భావనపాడు వాళ్లు వ్యాను పంపుతారట. నేను లోకనాథ్ వెనక వరసలో వంత పాడుతున్నాను. చెబితే నమ్మవు, జనంలో భక్తి మళ్లీ పెరుగుతోంది!

గురువు పదవి దిగిన
మీ నాన్న

తా.క. ఇరవై రెండేళ్లలో మొదటిసారి మీ అమ్మ భజనకొచ్చి ముందు వరసలో కూర్చుంది.