జాన్ గారి ఆవిరి పడవ

ట్రెంటన్, మే 4, 2007

కరుణక్కకి ఫెబీ వందనాలు.

నీ మరిది పోయాక, నేను ల్యాబ్ నుంచి రిటైరయ్యాక, ఇంట్లో నా అడుగుల చప్పుడే నాకు వినబడేది. ఇప్పుడు బావుందక్కా. లైబ్రరీలో జాన్ ఫిచ్ పరిచయమయ్యాడు. గడియారాల పని నేర్చినవాడు, ధ్యాసంతా పడవల మీదే. పొద్దున్నే డెలావేర్ నది ఒడ్డున ఆయనతో కూర్చుంటే, పొగమంచులోంచి పడవ తనంతట తనే కదిలి వస్తున్నట్టుంటుంది.

నీ ఫెబీ

తా.క. నిద్రపోయేటప్పుడు కూడా పక్కనే ఉంటున్నాడు.

ప్లేనో, మే 12

ఫెబీకి దీవెనలు.

నీ తా.క. చదివి కుర్చీలో కూలబడ్డాను. అరవై రెండేళ్ళ మనిషివి. అతనికి పెళ్ళయిందా? గుణం ఎలాంటిది?

అక్క

తా.క. చర్చిలో ఎవరికీ చెప్పలేదు, పాస్టరమ్మగారికి తప్ప.

ట్రెంటన్, మే 20

అక్కకి వందనాలు.

నువ్వడిగినందుకు సంతోషం, ఆయన గురించి ఎవరూ అడగరు. భార్య లూసీనీ చంటిబిడ్డనీ వదిలేసి వచ్చేశాడు. అది నాకూ నచ్చలేదు. కానీ ఎన్ని తిప్పలు పడ్డాడో. ఆవిరితో పడవ నడుస్తుందంటే జనం పిచ్చివాడన్నారు. నాకు కన్నీళ్ళు ఆగలేదు.

ఫెబీ

తా.క. తాగుడు కూడా మరిగాడు.

ప్లేనో, మే 29

ఫెబీకి,

జాన్ మనసు మారి లూసీ దగ్గరికి వెళ్ళాలని ఆదివారం చర్చి మొత్తం ఉపవాస ప్రార్థన చేసింది. ప్రేమానందం గారు షుగర్ ఉండి కూడా మధ్యాహ్నం దాకా ఏమీ ముట్టలేదు. జూన్ పదహారున ఫ్లైట్ బుక్ చేశాను. ఆ ఇల్లు అమ్మించి నిన్ను తీసుకొచ్చేస్తాను. అతన్ని ఎయిర్‌పోర్ట్‌కి రమ్మను.

అక్క

తా.క. అతన్ని ఇంగ్లీషులో ఏమనాలో మనవరాలు షాలోమ్‌తో రాయించి బట్టీ పట్టాను.

ట్రెంటన్, జూన్ 5

అక్కా,

జాన్ రాలేడు. ఆయన పోయి రెండు వందల తొమ్మిదేళ్ళు కావస్తోంది. నేను చదివింది ఆయన జీవితకథ. 1790 వేసవిలో ఫిలడెల్ఫియాకీ మా ఊరికీ మధ్య ఆవిరి పడవలో జనాన్ని తిప్పాడు. ఎక్కేవాళ్ళు చాలక ఆగిపోయింది. పేరు తర్వాతివాళ్ళకి దక్కింది. ఆవిరి ఓడలు మాత్రం లోకమంతా తిరిగాయి.

ఇల్లు అమ్మను. ఆ పుస్తకం లైబ్రరీలో ఒక్కటే కాపీ ఉంది. అదే కావాలని ఇంకొకరు వచ్చారు. శ్యామ్‌సుందర్ గారని రిటైర్డ్ ఇంజనీరు, భార్య పోయి ఆరేళ్ళు. ఒడ్డున కూర్చుని ఇద్దరం కలిసి చదివాం. నిన్న చివరి పేజీ అయిపోయింది. ఆయన పుస్తకం వెనక్కి తిప్పి, “ఫెబీగారూ, మళ్ళీ మొదటి పేజీ నుంచి చదువుదామా?” అన్నారు.

సరేనన్నాను.

నీ ఫెబీ

తా.క. ఎయిర్‌పోర్ట్‌కి కార్ తెచ్చేది ఆయనే. ఈయన బతికే ఉన్నారు, తెలుగు కూడా వచ్చు. కాబట్టి ఏమడగాలన్నా ముందు నన్నడుగు.